సరస్సు వైపు గది

ఉద్యోగం మానేసి ఏడాది దాటినా వీధిలో అందరూ ఆయన్ని ఇంకా బండాయన అనే పిలుస్తున్నారు. ముప్పై ఏళ్ళు యాత్రికుల బస్సు నడిపిన మనిషి. బండి దిగినా బండి ఆయన్ని దిగలేదు. ఇంట్లోంచి ఎక్కడికి బయల్దేరినా, సంచీ పట్టుకుని భార్య ఒక్కతే వెంట ఉన్నా సరే, గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగి, "ఎవరైనా మిగిలారా?" అని అడగందే కదలడు. "ఉన్నదే నేనొక్కదాన్ని, నన్ను కూడా మిగిల్చి పోతారా ఏంటి?" అని ఆవిడ విసుక్కుంటుంది. ఏ సభకు వెళ్ళినా తలుపు పక్క కుర్చీయే వెతుక్కుంటాడు. బండి అడ్డం తియ్యమని ఎవరైనా కేకేస్తే లేవడానికి వీలుగా ఉండాలట. బండే లేదు కదా అంటే నవ్వుతాడు తప్ప కుర్చీ మాత్రం మారడు.

కొండదారి ఆయనకు కొట్టిన పిండి. ఏ మలుపు దగ్గర ఎదుటివాడికి దారివ్వాలో, ఎక్కడ తెల్లవారుజామున రోడ్డు జారుతుందో చేతికి తెలుసు, కాలికి తెలుసు, ఇక బుర్రతో పనేముంది? ఆ దారి చివర కొండల నడుమ ఒక పెద్ద సరస్సుంది. సెలవులొస్తే చాలు, జనమంతా అక్కడికే. జనాల సెలవులే ఆయనకు పనిరోజులు కాబట్టి ఊపిరాడేది కాదు. తిరిగొచ్చాక మాత్రం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని సరస్సు ముచ్చట్లు చెప్పేవాడు. తెల్లారేసరికి నీళ్ళమీద ఆవిరి ఎలా లేస్తుందో, అవతలి కొండ నీళ్ళలో తలకిందులుగా ఎలా నిలబడుతుందో, పొద్దున్నే నీటి వెలుగు గది పైకప్పు మీద ఎలా వణుకుతుందో చేతులు తిప్పుతూ చెబుతుంటే ఆ పిల్ల అన్నం చల్లారిపోతున్నా వినేది. "నన్నెప్పుడు తీసుకెళ్తావు నాన్నా?" అంటే "వచ్చే సెలవులకి" అనేవాడు. పాపం, అబద్ధమాడాలని కాదు. వచ్చే సెలవులకూ బస్సు నిండేది.

ఆ పిల్లకు ఇప్పుడు పెళ్ళయింది. అత్తవారు మంచివాళ్ళు. అల్లుడు నోట్లో నాలుక లేనివాడు. మామగారు రిటైరయిన హెడ్మాస్టరు. ఆయనకున్న వ్యసనమల్లా ఒక్కటే, కంటికి కనిపించిన ప్రతిదానికీ పదికి ఇన్ని అని మార్కులు వెయ్యడం. కాఫీకి మార్కులు, మంగలికి మార్కులు, వానకి కూడా మార్కులు. కోడల్ని కూతురిలాగే చూసుకుంటారు. కానీ ఎవరైనా ఇంటికొచ్చి, "కోడలి తండ్రిగారు ఏం చేస్తారు?" అనడిగితే మాత్రం, "ట్రావెల్స్‌లో చేసి రిటైరయ్యారండీ" అంటారు. అబద్ధమేం కాదు. నిజమే. అయినా డ్రైవరు అనే మూడక్షరాల మాట పక్కనే ఉండగా ఆయన దాని చుట్టూ తిరిగిపోతుంటే కోడలికి చివుక్కుమనేది. ఒకసారి ఊరుకుంది, రెండోసారీ ఊరుకుంది. ఆ తర్వాత ఊరుకోలేకపోయింది. అలాగని పోట్లాడే పిల్ల కాదు. అదనుకోసం చూసింది.

అదను సెలవుల రూపంలో వచ్చింది. రెండు కుటుంబాలూ కలిసి సరస్సుకు వెళ్దామన్నారు. హెడ్మాస్టరుగారు అప్పటికే ఫోనులో వెతికి, ఒడ్డునే కొత్తగా కట్టిన గాజు హోటలుకు తొమ్మిదిన్నర మార్కులు వేసేశారు. అప్పుడు కోడలు మెల్లిగా, గిన్నెలు సర్దుకుంటూనే అంది. "మావయ్యగారూ, ఎక్కడ ఉండాలో మా నాన్నని చెప్పనివ్వండి. అక్కడ ఆయనకు తెలియని హోటలు లేదు. ముప్పై ఏళ్ళు ఆ దారినే తిరిగిన డ్రైవరు."

చివరి మాట కాస్త గట్టిగానే పడింది. హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అలాగే అమ్మా. ఆయన మాటే ఖాయం" అన్నారు.

ఆ సాయంత్రమే కూతురు తండ్రికి ఫోన్ చేసింది. "నాన్నా, పెద్ద మాట అనేశాను. నువ్వే నిలబెట్టాలి. నువ్వెంచిన చోటు చూసి వీళ్ళు నోరెళ్ళబెట్టాలి."

బండాయనకు ఆ ఫోన్ పెట్టేశాక కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇన్నేళ్ళలో ఆయన్ని 'ఎక్కడికి వెళ్దాం' అని అడిగినవాళ్ళు లేరు. 'ఎప్పుడు చేరతాం' అనే అడిగేవారు. ఇప్పుడు చోటు ఎంచే పని ఆయనది. మంచంమీద వెల్లకిలా పడుకుని సరస్సు చుట్టూ ఉన్న హోటళ్ళన్నిటినీ ఒక్కొక్కటే మనసులో తిప్పుకున్నాడు. అయితే ఆయన వాటిని చూసింది ఎటునుంచి? వెనకనుంచి. డ్రైవరు అతిథుల్ని ముందు వాకిట దించి, బండిని చుట్టూ తిప్పుకుని పెరట్లోకి పోతాడు. మేడమెట్లు ఎక్కే ఆచారం లేదు. అందుకని ఆయన లెక్కలన్నీ పెరటి లెక్కలే.

"ఆ గాజు హోటలు వద్దేవద్దు" అన్నాడు భార్యతో. "బండి పెట్టే చోటు ఏటవాలు. చక్రాలకింద రాళ్ళు పెట్టుకుని రాత్రంతా జాగారం చెయ్యాలి. డ్రైవరుకి టీ ఇవ్వాలంటే గేటు బయటికి రమ్మంటారు. రేవు పక్కదాన్లో కుళాయికి నీళ్ళు రావు."

"మనం బస్సేసుకుని పోవట్లేదు కదండీ."

"నీకు తెలీదులే. డ్రైవరుకి ఉతికిన దుప్పటి ఇచ్చేవాడు ఎవర్నీ మోసం చెయ్యడు. అందుకే ఆ పాత రాతి హోటలు. పెరడు చదునుగా ఉంటుంది. టీ గ్లాసులో కాదు, కెటిల్‌తో తెచ్చి పెడతారు. ఇక మా డ్రైవర్ల గదికి కిటికీ తీస్తే సరస్సే. పెరట్లో మూల పడున్న మాకే అంత కనిపిస్తే, పై అంతస్తుల్లో పడుకున్నవాళ్ళకి ఇంకెంత కనిపించాలో ఆలోచించు!"

దూరపు కొండలు నునుపంటారు కదా, బండాయనకు పై గదులు అలాంటివి. ముప్పై ఏళ్ళూ పెరట్లో నిలబడి, పైన వరసగా దీపాలు వెలిగే కిటికీలను చూసి, అదృష్టవంతులంటే వాళ్ళే అనుకున్నాడు. ఒకసారి ఎవరో ప్రయాణికుడు బస్సెక్కుతూ, గదిలోంచి సరస్సు కనబడలేదని గొణిగితే, "మబ్బు పట్టి ఉంటుందండీ" అని సర్దిచెప్పాడు కూడా.

వ్యాను అద్దెకు తీసుకున్నారు. నడిపేది ఎవరన్న చర్చే రాలేదు. వియ్యపురాలికి కొండదారి అంటే ప్రాణసంకటం. వాంతులవుతాయని నిమ్మకాయలు, సంచులు, తడిగుడ్డలు సిద్ధం చేసుకుని కూర్చుంది. రెండో మలుపు దాటేసరికి నిద్రపోయింది. ఆ నిద్ర పైకి చేరాకగాని వదల్లేదు. "అదేంటి, అప్పుడే వచ్చేశామా?" అని ఆవిడ కళ్ళు నులుముకుంటుంటే, ముందు సీట్లో ఉన్న హెడ్మాస్టరుగారు, "ప్రయాణానికి పదికి పది" అన్నారు. వెనక కూర్చున్న కూతురు అద్దంలోంచి తండ్రి వైపు చూసి నవ్వింది. బండాయన మీసం దువ్వుకోలేదుగాని, మీసం దానంతటదే లేచింది.

రాతి హోటలు వాకిట వ్యాను ఆగింది. అందరూ దిగారు. సామాను దిగింది. బండాయన మాత్రం సీట్లోనే కూర్చుని, పెరట్లోకి తిప్పుకోవడానికి గేరు వెయ్యబోతున్నాడు. భార్య వచ్చి అద్దంమీద తట్టింది. "ఏమండీ, దిగండి. ఇవాళ మీరూ ప్యాసింజరే."

దిగాడు. జీవితంలో మొదటిసారి ఆ హోటలు మెట్లెక్కాడు. నున్నటి కొయ్య రెయిలింగుమీద చెయ్యేసి, ఎవరో కసురుతారేమోనని వెనక్కొకసారి చూసి మరీ ఎక్కాడు. హోటలు మనిషి గది తలుపు తీసి, పెద్ద తెర తీస్తున్నట్టు ఠీవిగా కిటికీ పరదా పక్కకు లాగాడు.

కింద రోడ్డు. రోడ్డుకు అవతల, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, నిలువునా కోసిన కొండరాయి. దానిమీంచి నీళ్ళు కారుతున్నాయి. రాయికి ఒక బోర్డు తగిలించి ఉంది. 'రాళ్ళు పడును, జాగ్రత్త.'

"సరస్సు ఎటు?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"అది వెనక వైపండీ" అన్నాడు హోటలు మనిషి. "అటు గదులు లేవు. స్నానాల గదులు, దుప్పట్ల స్టోరు ఉన్నాయంతే. కట్టిన రోజుల్లో నీళ్ళమీంచొచ్చే చలిగాలి ఎవరికీ పడేది కాదట. అందుకని గదులన్నీ రోడ్డు వైపే వేశారు."

హెడ్మాస్టరుగారు మర్యాదస్తుడు. ఆ రాయినే కాసేపు పరిశీలనగా చూసి, "రాయి కూడా... బాగానే ఉంది" అన్నారు. ఆయన తిట్టినా బాగుండేది. వియ్యపురాలికి లోపల ఒకటి, బయట ఒకటి తెలియదు. ఉన్న సందేహం ఉన్నట్టే అడిగేసింది. "అన్నయ్యగారూ, మరి మీరు ఇన్నేళ్ళూ మా కోడలికి చెప్పిన సరస్సు ఎక్కడ చూశారు?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. అందుకే ఇంకా లోతుగా దిగింది. కూతురు తలెత్తలేదు. సంచీ జిప్పు తీస్తోంది, వేస్తోంది, మళ్ళీ తీస్తోంది. తన మాట పోయిందని కాదు, చిన్నప్పటినుంచి విన్నదంతా కట్టుకథలేమోనని ఆ పిల్ల అనుకుంటోందేమో! ఆ ఊహ రాగానే బండాయన "బండి పెట్టొస్తాను" అని బయటపడ్డాడు.

పెరడు మారలేదు. అదే చదును, అదే కుళాయి. చెట్లు దాటి పది మెట్లు దిగితే నీటి అంచున అదే పెంకుటి గది. తలుపుకు తాళం లేదు. ఎప్పుడూ ఉండేది కాదు. వచ్చిన డ్రైవరు పడుకోవాలి, పోయే డ్రైవరు దుప్పటి మడతపెట్టి కెటిల్ నింపి పోవాలి, అంతే ఆ గది చట్టం. లోపల నడివయసు డ్రైవరొకడు చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు.

"ఏ బండి అన్నా?" అన్నాడు.

"ఇప్పుడు బస్సు లేదు. రిటైరయ్యాను."

"డ్రైవరుకి రిటైరేంటి, కూర్చో."

బండాయన కిటికీ పక్క మంచంమీద కూర్చున్నాడు. ఎదురుగా సరస్సు. మొత్తం సరస్సు. ఒక్క ముక్క తక్కువ లేకుండా, ఆ చివరినుంచి ఈ చివరికి. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. మరి పొరపాటు ఎక్కడ? తల వెనక్కి తిప్పి, తెరిచున్న తలుపులోంచి హోటలు వైపు చూశాడు. చెట్లపైన అవే కిటికీలు, వరసగా. ఒకదాంట్లో దీపం వెలిగింది. మసక గాజు వెనక ఒక చెయ్యి లేచి, నెత్తిమీద చెంబుతో నీళ్ళు పోసుకుంది.

బండాయన ఆ చేతికేసి కన్నార్పకుండా చూశాడు. చూసి చూసి ఒక్కసారిగా నవ్వడం మొదలెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. గుండీ కుట్టుకునే డ్రైవరు సూది ఆపి, ఈయనకేదైనా అయిందేమోనని లేచి నిలబడ్డాడు.

ముప్పై ఏళ్ళు! పెద్ద పెద్ద షావుకార్లు, డాక్టర్లు, కొత్త జంటలు, వాళ్ళందర్నీ ఎంత జాగ్రత్తగా తీసుకొచ్చాడు! వాళ్ళకు సరస్సు, తనకు పెరడు అనుకున్నాడు. వాళ్ళేమో తెల్లవార్లూ 'రాళ్ళు పడును' బోర్డుకు ఎదురుగా పడుకున్నారు. ఆయన స్నానాల గదుల్ని చూసి వాళ్ళ అదృష్టమనుకున్నాడు. ఆ హోటలు మొత్తానికి సరస్సున్న గది ఒక్కటే, అది డ్రైవర్లది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నిజమేగాని, పనికిరాదన్నది చెట్టు కాదు, మనమే. నవ్వు తగ్గాక బండాయనకు ఛాతీ నిండుగా అనిపించింది. ఇక దాచడానికి ఏమీ లేదనిపించింది.

తిన్నగా మేడెక్కాడు. బస్సు ఆలస్యమవుతుందని ప్రయాణికులకు చెప్పేటప్పుడు ఎలా నిలబడేవాడో అలా గది మధ్యలో నిలబడ్డాడు.

"తప్పు నాదే బావగారూ. ఈ మెట్లు నేను ఇవాళే ఎక్కాను. డ్రైవర్లం ఎక్కకూడదు. నేను సరస్సు చూసింది కింద డ్రైవర్ల గదిలోంచి. నాకే అంత కనిపిస్తే మీకింకా బాగా కనిపిస్తుందనుకున్నాను. పైకి చూసి ఇవన్నీ సరస్సు వైపు గదులనుకున్నాను. కాదు, స్నానాల గదులు." ఇక్కడ మళ్ళీ నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "మీరెంచిన హోటలే సరైంది. సామాను విప్పకండి. పది నిమిషాల్లో అక్కడ దించుతాను."

హెడ్మాస్టరుగారు ఏదో అనబోయేలోగా కూతురు జిప్పు వదిలేసి లేచింది. "నేను ముందు ఆ గది చూడాలి నాన్నా. చూడకుండా ఎక్కడికీ రాను."

"నేనూ వస్తా" అంది వియ్యపురాలు. "పొద్దంతా నిద్రేపోయాను. ఏదో ఒకటి చూడొద్దూ?"

హెడ్మాస్టరుగారు పద్ధతిగల మనిషి. దిగుతూ దిగుతూ మేనేజరు దగ్గర ఆగి, ఆ కింది గదిని అద్దెకు ఇవ్వమన్నారు. ఎంతైనా ఫరవాలేదన్నారు. మేనేజరు తల అడ్డంగా ఊపాడు.

"అది అద్దెకిచ్చేది కాదండీ. మా పెద్దాయన కట్టినప్పుడే డ్రైవర్లకిచ్చేశారు. ఎవరడిగినా ఇవ్వలేం. అక్కడ ఎవరిని రానివ్వాలో వాళ్ళిష్టం, మా మాట కూడా చెల్లదు."

పెరటి మెట్లు ఇరుకు. ఒకరి వెనక ఒకరు దిగారు. ముందు హెడ్మాస్టరుగారు, వెనక ఆడవాళ్ళు, అల్లుడు. బండాయన అందరికంటే వెనక, ఎవరూ జారకుండా చూసుకుంటూ వస్తున్నాడు. గుమ్మంలోనే ఆ డ్రైవరు ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు, వెనక చేతిసంచులు చూసి, చెయ్యి గుమ్మానికి అడ్డం పెట్టాడు.

"అయ్యా, గెస్టులు ఇటు రాకూడదు. ఇది డ్రైవర్ల గది. మీరెవరు?"

ఎన్ని వందలమంది పిల్లల్ని 'ఎవరు నువ్వు, నిలబడు' అన్న గొంతో అది, ఇప్పుడు జవాబు చెప్పాల్సొచ్చింది. హెడ్మాస్టరుగారు అన్న మాట మెట్లమీద ఉన్న అందరికీ వినిపించింది.

"మేం డ్రైవరుగారి మనుషులం బాబూ. మా వియ్యంకుడు. ముప్పై ఏళ్ళు ఈ గదిలోనే దిగారు. ఆయన చూపిస్తానంటే వచ్చాం."

అత్తగారి చెయ్యి పట్టుకుని దిగుతున్న కూతురు ఆ మెట్టుమీదే ఆగిపోయింది. ఆ మాట వినాలని ఆ పిల్ల ఎన్నాళ్ళుగా కాచుకుని ఉందో తండ్రికి తెలియదు, అత్తగారికీ తెలియదు. కళ్ళు తుడుచుకుంటే అందరూ చూస్తారని తుడుచుకోలేదు.

"ఇందాక నవ్విన అన్నేనా?" అన్నాడు ఆ డ్రైవరు, వాళ్ళ తలలమీంచి వెనక్కి చూస్తూ. "అయితే ఆయన్ని ముందు రానివ్వండి. డ్రైవరు లేకుండా ఎవరూ లోపలికి పోకూడదు."

ఆ ఇరుకు మెట్లమీద అందరూ గోడకు ఒదిగారు. హెడ్మాస్టరుగారు పక్కకు జరిగి, చేత్తో దారి చూపించి, "రండి బావగారూ, ముందు మీరు" అన్నారు. బండాయన ఒక్కొక్కరినీ దాటుకుంటూ దిగాడు. కూతురి పక్కనుంచి పోతూ తలమీద చెయ్యేశాడు, అంతే. గుమ్మంలో ఒక్క క్షణం నిలబడ్డాడు. ఎన్ని వేలమందినో వాళ్ళ వాళ్ళ గదులకు చేర్చిన మనిషి, తన గదికి మనుషుల్ని తెచ్చుకోవడం అదే మొదలు. లోపలికి వెళ్ళి, కిటికీ పక్క మంచంమీది దుప్పటి దులిపి, మంచాన్ని నీళ్ళ వైపు తిప్పి, "రండి, అందరూ రండి. ఇది నా గది" అన్నాడు.